నేలమాళిగలో బిర్యానీ డబ్బా

తెలుగు దయ్యం కథల్లో ముస్లింలకు ఒక పాత్ర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. తాయెత్తు కట్టే సాయిబు పాత్ర. ఊరి బయట దర్గాలో నెమలీకల కట్ట పట్టుకుని సాంబ్రాణి పొగలో కూచుంటాడు. మందులకు లొంగని జబ్బు అతని దగ్గరకొస్తుంది. కథకు పనికొచ్చినంతసేపు ఉండి, ఆ పొగలోనే వెళ్ళిపోతాడు. అతనికి ఇల్లుండదు, పిల్లలుండరు, రేషను కార్డుండదు. ఈమధ్య ఇంకో పాత్ర కూడా దొరికింది. దయ్యం పాత్ర. మాకు దొరకనిది ఒక్కటే: భయపడే మనిషి పాత్ర.

ఇది ఉక్రోషంతో అంటున్న మాట కాదు. మా కృష్ణా డెల్టాలో ఏ ఊరి మసీదు దగ్గరికైనా పొద్దుగూకే వేళ రండి. మగ్రిబ్ నమాజు చదివి బయటకొచ్చే వాళ్ళ కోసం తల్లులు చంటిపిల్లల్ని ఎత్తుకుని గుమ్మం పక్కన నిలబడి ఉంటారు. వాళ్ళలో బొట్టు పెట్టుకున్న వాళ్ళు చాలామంది కనిపిస్తారు. జడుసుకున్న పిల్లాడి మొహాన మౌల్వీసాబు ఏదో చదివి ఊదుతాడు. తల్లి దండం పెట్టి వెళ్తుంది. మంచి దృశ్యమే. మతసామరస్యం గురించి రాసేవాళ్ళందరికీ ఇష్టమైన దృశ్యం కూడా. మేం అడిగేది వేరే. పక్కింటి పిల్లల భయం పోగొట్టే మాకు మా పిల్లల భయం చెప్పుకోటానికి ఏ గుమ్మం ఉంది? తెలుగులో మా భయం ఎందుకు కథ కాలేదు?

దీనికి జవాబు లాంటిదొకటి మేం ఎదురుచూడని చోటు నుంచి వచ్చింది. 'బ్లాక్ మిర్రర్' అనే బ్రిటిష్ టెలివిజన్ సిరీస్ ఆరో సీజన్ 2023 జూన్ 15న నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలయింది. అందులో ఐదో ఎపిసోడ్ పేరు 'డెమన్ 79'. దాని మీద ఆ సిరీస్ అభిమానులు రెండు ముక్కలుగా చీలిపోయారు. ఆ తగాదాలో ఒక పక్షాన్ని సమర్థించటం మా ఉద్దేశం కాదు. తగాదా పడ్డవాళ్ళు దేని గురించి పడ్డారో, దేన్ని దాటేసి వెళ్ళిపోయారో చూడటమే ఈ వ్యాసం పని.

బ్లాక్ మిర్రర్ 2011 డిసెంబరులో బ్రిటన్ చానల్ 4లో మొదలయింది. 2016 నుంచి నెట్‌ఫ్లిక్స్‌కు మారింది. దాని కర్త చార్లీ బ్రూకర్. ఒక్కో ఎపిసోడ్ ఒక్కో కథ. ఫోను, కెమెరా, కంప్యూటరు, మనిషి జ్ఞాపకాల్ని దాచే యంత్రం, ఇలాంటివి రేపు మనల్ని ఏం చేస్తాయన్నదే వస్తువు. ఆపేసిన ఫోను తెర మీద నల్లగా కనపడే మన మొహమే ఆ 'నల్ల అద్దం'. అంటే ఈ సిరీస్‌కూ ప్రేక్షకుడికీ మధ్య ఒక ఒప్పందం ఉంది: భయం పుట్టేది చేతిలోని యంత్రం నుంచే కాని చింతచెట్టు మీంచి కాదు.

డెమన్ 79 ఆ ఒప్పందాన్ని తప్పింది. బ్రూకర్ ఈ ఎపిసోడ్‌ను బిషా కె. అలీతో కలిసి రాశాడు. ఆమె పాకిస్తానీ మూలాలున్న బ్రిటిష్ రచయిత్రి, 'మిస్ మార్వెల్'కు ప్రధాన రచయిత్రి. దర్శకుడు టోబీ హేన్స్. మొదట్లోనే తెర మీద 'రెడ్ మిర్రర్' అన్న మాట పడుతుంది. ఇది వేరే అద్దం సుమా అని ముందే చెప్పటమన్న మాట.

కథ 1979 ఏప్రిల్ చివర్లో ఉత్తర ఇంగ్లండ్‌లోని ఒక చిన్న ఊళ్ళో నడుస్తుంది. నిదా హక్ పెద్ద బట్టల దుకాణం లాంటి ఒక స్టోరులో చెప్పుల విభాగంలో పనిచేస్తుంది. మధ్యాహ్నం బిర్యానీ డబ్బా విప్పితే తోటి ఉద్యోగిని వాసనని ఫిర్యాదు చేస్తుంది. యజమాని తరఫు మనిషి చాలా మర్యాదగా, రేపట్నుంచి కింద నేలమాళిగలో తినమంటాడు. అక్కడ ఒక పాత సొరుగులో ఆమెకు ఒక బిళ్ళ దొరుకుతుంది. వేలి నెత్తురు దానికి అంటుకుంటుంది. గాప్ అనే దయ్యం వస్తాడు. ఆమె జడుసుకోకుండా, టీవీలో చూసిన బోనీ ఎమ్ గాయకుడు బాబీ ఫారెల్ వేషంలో, మెరుపుల దుస్తులు వేసుకుని వస్తాడు. మే ఒకటో తేదీ లోపల రోజుకొకరి చొప్పున ముగ్గుర్ని చంపాలి, లేకపోతే ప్రపంచం అంతమవుతుంది అంటాడు. గాప్ కూడా కొత్త ఉద్యోగే. ఈ పని చెయ్యలేకపోతే అతన్ని అంతంలేని శూన్యంలోకి వెళ్ళగొడతారు. నిదాగా అంజనా వాసన్ నటించింది. చెన్నైలో పుట్టి సింగపూర్‌లో పెరిగిన నటి ఆమె. ఈ పాత్రకు 2024లో బాఫ్టా టెలివిజన్ అవార్డుల్లో ఉత్తమ నటి నామినేషన్ వచ్చింది. గాప్‌గా పాపా ఎస్సియెడు చేశాడు.

ఇక అభిమానుల మాట. ఒక పక్షం వాదన ఇది: ఇందులో యంత్రం ఏది? దయ్యం, రక్షరేకు, శాపం, గడువు, ఇవి చూడదలిస్తే సవాలక్ష సినిమాలున్నాయి. మేం ఈ సిరీస్‌కు వచ్చింది అందుకు కాదు. అదే సీజన్లో 'మేజీ డే' అన్న ఇంకో ఎపిసోడ్‌లో మనిషి తోడేలుగా మారటం వాళ్ళ కోపాన్ని రెట్టింపు చేసింది. రెండో పక్షం వాదన: సీజన్ మొత్తంలో మనసున్న కథ ఇదొక్కటే. నవ్వుంది, జాలుంది, ఇద్దరు ఒంటరివాళ్ళ స్నేహముంది. పేరేదైతేనేం? వీళ్ళిద్దరూ కాక, కథలోకి రాజకీయాలెందుకు తెచ్చారని విసుక్కున్న వాళ్ళూ కొందరున్నారు.

ఈ తగాదా మాకు కొత్తగా అనిపించలేదు. హీరోల కటౌట్ల దగ్గర కొట్టుకునే అభిమానుల్ని చూసిన ప్రాంతం మాది కాబట్టి అనటం లేదు. దయ్యం ఉందా లేదా అన్న వాదం ఈ గడ్డ మీద పాతది. మా ఉయ్యూరు పక్కనే ముదునూరు ఉంది. గోరా 1940లో నాస్తిక కేంద్రం పెట్టింది ఆ ఊళ్ళోనే. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. నిప్పుల మీద నడవటంలో మహిమ లేదని వాళ్ళు నడిచి చూపించారు. చేతబడి భయాల మీద ఊరూరా తిరిగి చెప్పారు. అదే ఉయ్యూరులో ఏటా మాఘమాసంలో వీరమ్మ తల్లి తిరునాళ్ళు పదిహేను రోజులు జరుగుతాయి. ముదునూరు, వీరమ్మ తిరునాళ్ళు ఒకే మండలంలో ఉన్నాయి. రెండూ బతికే ఉన్నాయి.

సాహిత్యంలోనూ ఇదే. యండమూరి 'తులసిదళం' వారపత్రికలో వారం వారం వచ్చిన రోజుల్లో పాఠకులు ఊపిరి బిగబట్టి చదివారు. ఆ నవల డాక్టర్నీ మాంత్రికుణ్ణీ పక్కపక్కన నిలబెట్టి, ఎవరి వల్ల పిల్ల బతికిందో తేల్చుకునే పని పాఠకుడికే వదిలేసింది. రంగనాయకమ్మ దాన్ని గంజాయి దమ్ము అంటూ తీవ్రమైన విమర్శ రాశారు. ఒక దయ్యం కథ మీద తెలుగు పాఠకులు అభిమానులుగా, హేతువాదులుగా విడిపోయి పోట్లాడుకోవటం అప్పుడే చూశాం. కాబట్టి డెమన్ 79 గురించి ఇంగ్లీషులో జరిగిన వాదం మాకు మన డెల్టా వాదానికే అనువాదంలా వినపడింది.

ఉయ్యూరులో మేం నలుగురైదుగురం దీన్ని ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదువుకుంటూ చూశాం. మాలోనూ చీలిక వచ్చింది. సైన్సు పాఠాలు చెప్పే మేష్టారు మొదటి పక్షంలో చేరాడు. యంత్రాల మీద నిఘా పెట్టాల్సిన సిరీసు దయ్యాల్ని నమ్మించటం వెనకడుగేనన్నాడు. మదర్సాలో చదువుకుని వచ్చిన కుర్రాడికి అభ్యంతరం ఇంకో వైపు నుంచి ఉంది. జిన్నుల మీద ఖురాన్‌లో ఏకంగా ఒక సూరానే ఉంది, 72వది. అతని లెక్కలో జిన్ను మనిషిలాగే ఒక సృష్టి. అందులో వింతేమీ లేదు. కానీ రక్షరేకు దగ్గర పెట్టుకుని దయ్యం చెప్పిన పని చెయ్యటం షిర్క్. నిదా మొదటి అడుగులోనే దారి తప్పిందన్నాడు. ఇంకొకరికి కథ బాగా నచ్చింది కాని ఎందుకు నచ్చిందో చెప్పలేకపోయాడు. రాత్రి పొద్దుపోయాక అతనే అన్నాడు, "ఆ డబ్బా పట్టుకుని మెట్లు దిగింది చూడు, అక్కడ్నుంచి నాకు దయ్యం సంగతే గుర్తులేదు" అని.

మా వ్యాసం ఆ మాట దగ్గర మొదలవుతుంది.

నేలమాళిగ దృశ్యం అభిమానుల తగాదాలో ఎక్కడా బరువుగా కనపడదు. వాళ్ళకది కథను దయ్యం దగ్గరికి చేర్చే మెట్లు మాత్రమే. కానీ కథ కట్టుబడి చూడండి. నిదా అందరితో కలిసి భోజనాల గదిలో తిననిస్తే ఆ సొరుగు తెరిచేదే కాదు. బిళ్ళ దొరికేదే కాదు. దయ్యం ఆమెను వెతుక్కుంటూ రాలేదు. అది ఉన్న చోటికి ఆమెను పంపించారు. పంపినవాడు కేకలెయ్యలేదు, తిట్టలేదు. అందరి సౌకర్యం కోసం అన్నాడు. ఇంతకంటే చక్కగా ఈ సంగతిని ఏ ఉపన్యాసమూ చెప్పలేదు. సమాజం ఒకర్ని ఎక్కడికి నెడుతుందో వాళ్ళకు దయ్యాలు అక్కడే ఎదురవుతాయి. తరవాత ఆ దయ్యాల గురించి విచారణ జరుగుతుంది. నెట్టినదాని గురించి జరగదు.

వాసన సంగతి మాకు చెప్పనక్కర్లేదు. ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీలో గానుగ నడిచే రోజుల్లో మొలాసిస్ వాసన ఊరంతా కమ్ముకునేది. బస్సు దిగిన కొత్తవాడు ముక్కు మూసుకుంటే ఊరివాళ్ళు నవ్వేవాళ్ళు. అది మా ఊరి వాసన, అందరి వాసన. దాన్ని ఎవరూ ఎవర్నీ కిందకి పొమ్మనలేదు. అదే విజయవాడలో ఇల్లు అద్దెకు వెతుక్కుంటూ వెళ్ళిన మా వాళ్ళు పేరు చెప్పగానే, "మేం వెజిటేరియన్లమండీ, వాసన పడదు" అన్న జవాబు విని వెనక్కి వచ్చారు. ఆ వీధి చివర బిర్యానీ సెంటరు ముందు ఆదివారం నిలబడ్డ వరసలో ఆ ఇంటివాళ్ళ పిల్లలూ ఉంటారు. బిర్యానీకి మతం లేదు. డబ్బాకు ఉంది. వాసన వంటకం నుంచి కాదు, పేరు నుంచి వస్తుంది.

ఇప్పుడు మొదటి పక్షం వాదన తీసుకుందాం. ఇందులో యంత్రం లేదన్నారు. ఆ ఊళ్ళో కన్సర్వేటివ్ పార్టీ తరఫున పోటీ చేస్తున్న మైకేల్ స్మార్ట్ ఉన్నాడు. నేషనల్ ఫ్రంట్ వాళ్ళలా గోడల మీద రాతలు రాయడు. సూటు వేసుకుని, నవ్వుతూ, అదే మాటను పెద్దమనిషి భాషలో చెబుతాడు. గాప్ నిదాకు అతని భవిష్యత్తు చూపిస్తాడు. అతను ప్రధాని అవుతాడు. అప్పటి దేశంలో మనుషుల్ని వేటాడే యంత్రపు కుక్కలు తిరుగుతుంటాయి. ఈ సిరీస్‌లోనే 2017లో వచ్చిన 'మెటల్‌హెడ్' ఎపిసోడ్‌లోవి ఆ కుక్కలు. అభిమానులు వాటిని గుర్తుపట్టి సరదాపడ్డారు, పాత ఎపిసోడ్‌కు ఒక సూచన అనుకున్నారు. మాకు అది సూచన కాదు, సిరీస్ మొత్తానికి సమాధానం. యంత్రపు కుక్క ఎక్కడ పుట్టింది? ప్రయోగశాలలో కాదు. 1979లో ఒక చెప్పుల దుకాణంలో, డబ్బా కిందికి తీసుకుపొమ్మన్న రోజున పుట్టింది. ఎవరి మీదికి ఉసిగొల్పాలో ముందు తేలాకే కుక్కను తయారుచేస్తారు.

ఇది ఊహ అనుకుంటే హైదరాబాద్ దాకా వెళ్ళొద్దాం. 2021 మేలో ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను పోలీసులు రోడ్డు మీద ఆపి, మాస్కు తియ్యమని అడిగి, ఫోటో తీసుకున్నారు. మొహాల్ని గుర్తుపట్టే యంత్రాల వాడకాన్ని సవాలు చేస్తూ 2022లో తెలంగాణ హైకోర్టులో ఆయన వ్యాజ్యం వేశారు. మొహాన్ని చూసే కెమెరా కొత్తది. ఏ వీధిలో మొహాలు చూడాలన్న ఎంపిక పాతది. బ్లాక్ మిర్రర్ అభిమానులు కెమెరాను చూసి భయపడతారు. మేం ఎంపికను చూసి భయపడతాం. డెమన్ 79 మొదటిసారి ఆ రెండో భయాన్ని కథ చేసింది. యంత్రం లేదన్నవాళ్ళు కథ చివర ఆకాశంలోంచి పడే అణుబాంబుల్ని ఏమంటారో మాకు తెలియదు. ఏ దయ్యమూ వాటిని తయారుచెయ్యలేదు.

1979ని ఎంచుకోవటంలో కూడా అర్థం ఉంది. ఇనాక్ పావెల్ వలస వచ్చినవాళ్ళ మీద నెత్తుటి హెచ్చరికల ఉపన్యాసం 1968లో ఇచ్చాడు. మన దేశస్థులు ఎక్కువగా ఉండే లండన్ సౌతాల్‌లో నేషనల్ ఫ్రంట్ సభకు నిరసన తెలిపిన రోజు, 1979 ఏప్రిల్ 23న, బ్లెయిర్ పీచ్ అనే టీచరు పోలీసు దెబ్బకు చనిపోయాడు. మే 3న ఎన్నికలు జరిగి మార్గరెట్ థాచర్ వచ్చింది. ఆ ఎన్నికల్లో నేషనల్ ఫ్రంట్ 303 స్థానాల్లో నిలబడి ఒక్కటీ గెలవలేదు. ద్వేషం ఓడిపోయిందని చాలామంది సంబరపడ్డారు. ఓడిపోయింది గోడ మీది రాత మాత్రమే. అదే మాట మర్యాద నేర్చుకుని పెద్ద పార్టీల్లోకి నడిచి వెళ్ళింది. స్మార్ట్ పాత్ర ఆ నడక. 1992 డిసెంబరు 6 చూసినవాళ్ళకు ఈ నడక వివరించి చెప్పక్కర్లేదు.

కథలో మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువసేపు ఆలోచింపజేసింది దయ్యాల లెక్క. నిదా మొదట చంపింది సొంత కూతుర్ని చెరుస్తున్న మనిషిని. ఆ చావు లెక్కలోకి వచ్చింది. తరవాత చంపింది భార్యను హత్యచేసిన కీత్ అన్నవాణ్ణి. అంతలో లోపలికి వచ్చిన అతని తమ్ముణ్ణి కూడా చంపాల్సి వచ్చింది. దయ్యాల నిబంధన ప్రకారం హంతకుడి చావు లెక్కకు రాదు. తమ్ముడి చావు వస్తుంది. అంటే హంతకుడి నెత్తురు చెల్లలేదు, చేతికి నెత్తురంటని వాడిది చెల్లింది. మతకలహాలు చూసిన ఏ ఊరివాళ్ళకైనా ఈ లెక్క తెలుసు. అక్కడ ప్రతీకారం పేరు చెప్పి చంపేది ఎప్పుడూ నేరం చేసినవాణ్ణి కాదు. దారిన పోయేవాణ్ణి. స్మార్ట్‌ను చంపబోతే గాప్ పైఅధికారులు వద్దంటారు. అతను చెయ్యబోయే పనులంటే వాళ్ళకు ముచ్చట. దయ్యాలు కూడా అభిమానులే.

అయితే ఇక్కడే మా అభ్యంతరం కూడా మొదలవుతుంది. కథను మెచ్చుకున్నవాళ్ళలో కొందరు నిదా సుత్తి పట్టుకుని స్మార్ట్ వెంటపడ్డప్పుడు చప్పట్లు కొట్టారు. మేం కొట్టలేకపోయాం. ప్రపంచాన్ని కాపాడటానికి ముగ్గుర్ని చంపాలి అన్న మాట మాకు కథలోని మాటలా వినపడదు. అది ప్రతి మతోన్మాది చెవిలోనూ పలికే మాట. మా పేర్లున్న ప్రతి కుర్రాడి చెవిలోనూ అదే మోగుతూ ఉంటుందని అనుమానించే లోకంలో మేం బతుకుతున్నాం. మరి ఈ కథ ఏం చెబుతోంది? మూడో చావు జరగలేదు. ప్రపంచం అంతమయింది. అంటే ఆ గొంతు నిజం చెప్పినట్టేనా?

దయ్యం నిజమైతే నిదా చేసిన హత్యలకు సమర్థన దొరుకుతుంది. అబద్ధమైతే ఆమె పిచ్చిది. అభిమానులు ఈ రెండిటి మధ్యా కూడా చీలిపోయారు, నిజమా భ్రమా అని. వాళ్ళకది ముచ్చటైన చిక్కుముడి. నిదా హక్ అన్న పేరున్న మనిషికి మాత్రం రెండు తలుపులూ ఒకే గదిలోకి తెరుచుకుంటాయి. ఒక తలుపు మీద హంతకి అని, రెండో తలుపు మీద పిచ్చిది అని రాసి ఉంటుంది. భయపడ్డ మనిషి అన్న మూడో తలుపు లేదు.

కథకులకు ఈ సంగతి తెలియదని మేం అనుకోం. పోలీస్ స్టేషన్ దృశ్యమే సాక్ష్యం. నిదా జరిగిందంతా చెబుతుంది. పోలీసు చెడ్డవాడు కాదు, ఓపిగ్గా వింటాడు. వింటాడు కాని అతని చేతిలో ఆ బిళ్ళ మామూలు డామినో ముక్క. గడువు దాటుతుంది. ఏమీ కాలేదు చూశావా అంటాడు. అప్పుడు సైరన్ మోగుతుంది. చివరి ఘడియలో ఆమె మాట నిజమని రుజువవుతుంది. కాని ఆ రుజువును చూడటానికి ఎవరూ మిగలరు.

ఈ దృశ్యం చూస్తుంటే మాకు 1978 గుర్తుకొచ్చింది. ఆ ఏడాది మార్చిలో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీ మీద పోలీసులు అత్యాచారం చేశారు. అడిగిన భర్త అహ్మద్ హుస్సేన్‌ను కొట్టి చంపారు. ఊరు భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల్నే దోషులుగా తేల్చింది. కోర్టు కేసు మాత్రం రాయచూరుకు మారింది. 1981లో పోలీసులు నిర్దోషులుగా బయటికొచ్చారు. దారిపొడుగునా విచారణ జరిగింది ఆమె నడవడి మీదే. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక పట్టుకున్న ముస్లిం కుర్రాళ్ళు మేం కాదు మొర్రో అన్నారు. వాళ్ళు నిర్దోషులని తేలేసరికి చదువులు, ఉద్యోగాలు పోయాయి. నిదా చంపింది, వీళ్ళెవరూ ఎవర్నీ చంపలేదు. పోలిక వాళ్ళ మధ్య కాదు. బల్లకు అవతల కూచున్న చెవుల మధ్య. మా చేతిలో ఉన్నది రక్షరేకో, డామినో ముక్కో తేల్చే అధికారం ఎప్పుడూ ఆ చెవులదే.

ఇప్పుడు మన తెలుగు దయ్యం దగ్గరికి రావాలి. డెమన్ 79కు ఏడు నెలల ముందు, 2022 నవంబరు 18న, 'మసూద' సినిమా వచ్చింది. దర్శకుడు సాయికిరణ్. భర్త అబ్దుల్ నుంచి విడిపోయిన సైన్సు టీచరు నీలం, ఆమె కూతురు నాజియా, పక్కింటి కుర్రాడు గోపి. నాజియాను పట్టిన దయ్యం పేరు మసూద. నల్ల బురఖాలో వస్తుంది. విడిపించటానికి వచ్చేది ఒక బాబా. సినిమా బాగా ఆడింది. సాంకేతికంగా బాగా తీశారన్నది కాదనలేం. దాని మీద మాలో కూడా రెండు మాటలున్నాయి. ఇళ్ళల్లో మాట్లాడే ఉర్దూ, ముస్లిం ఇంటి గది, దువా, ఇవన్నీ తెలుగు తెర మీద హాస్యం కాకుండా కనపడ్డాయి కదా అని కొందరన్నారు. మా ఆడవాళ్ళు రోజూ వేసుకుని బజారుకెళ్ళే బట్టను చూసి హాల్లో జనం కెవ్వుమంటున్నారు, రేపు అదే బట్టతో బస్సెక్కాలి అని ఇంకొందరన్నారు.

రెండో మాటే మాకు బరువైనదిగా తోస్తుంది. మసూదలో మందు మేమే, రోగమూ మేమే. ఊదేదీ మేమే, పట్టేదీ మేమే. దర్శకుడికి దురుద్దేశం ఉందనటం లేదు. దయ్యం సినిమా భయాన్ని సృష్టించదు, ప్రేక్షకుల్లో అప్పటికే ఉన్నదాన్ని వాడుకుంటుంది. నల్ల బురఖా అంత తేలిగ్గా పనిచేసిందంటే ఆ భయం హాల్లోకి రాకముందే ఉందన్న మాట. దాన్ని అక్కడ ఎవరు పెట్టారన్నది సినిమా అడగలేదు. డెమన్ 79 ఆ పని చేసింది. అందులో దయ్యం మెరుపుల చొక్కా వేసుకుని నవ్విస్తాడు. ఒళ్ళు జలదరించేది సూటు వేసుకున్న పెద్దమనిషి నవ్వినప్పుడు. భయం బురఖాలోంచి సూటులోకి మారింది. మసూదకూ దీనికీ ఉన్న తేడా అదే. మసూద చూసి జనం మమ్మల్ని చూసి భయపడ్డారు. డెమన్ 79లో భయపడుతున్నది మేం.

అలాగని దాని లోపాన్ని కప్పిపుచ్చలేం. నిదా హక్ పేరు ముస్లిం పేరు. పేరు దాటాక ఆమె విశ్వాసం కథలో ఎక్కడా పనిచెయ్యదు. షైతాను ఎదురుపడితే మా దాదీ నోట మొదట వచ్చేది అవూజు బిల్లాహ్. నమాజు చదవని కుర్రాడి నోట కూడా అదే వస్తుంది. నమ్మకం ఉండి కాదు, పెంపకం వల్ల. నిదాకు ఆ పెంపకం లేనట్టే రాశారు. ఆమెను పట్టిన దయ్యం కూడా యూరప్ మాంత్రిక గ్రంథాల్లోంచి వచ్చినవాడే. ఆమెకు నిద్రలేని రాత్రి ఉంది కాని దువా లేదు, పండగ లేదు, పక్కింటి ఖాలా లేదు. ఒక ముస్లిం అమ్మాయి మంచి పాత్రగా నిలబడాలంటే ముందు మతాన్ని గుమ్మం బయట విడిచి రావాలన్న షరతు ఇందులోనూ వినపడుతోంది. మసూదలో మతం తప్ప మనిషి లేదు. ఇక్కడ మనిషి ఉంది, మతం లేదు. రెండూ ఉన్న పాత్ర కోసం ఇంకా ఎదురుచూడాల్సిందే. సెక్యులర్ మిత్రులు ఈ మాట దగ్గర కొంచెం ఆగాలని మా మనవి. మేం జిన్నుల్ని నమ్మమని మిమ్మల్ని అడగటం లేదు. నమ్మేవాళ్ళను కూడా మనుషులుగానే రాయమని అడుగుతున్నాం.

సైన్స్ ఫిక్షన్ అభిమానుల తగాదాలో ఒక మాట పదేపదే వినపడింది: ఇది మా సిరీస్‌కు చెందింది కాదు. ఆ మాట అన్నవాళ్ళందర్నీ జాత్యహంకారులనటం అన్యాయం. చాలామంది నిజాయితీగా తమకిష్టమైనదాని కోసం వాదించారు. కాని హద్దులు గీసే పని ఎంత అమాయకంగా మొదలవుతుందో ఆ కథే చెబుతోంది. ఇది ఇక్కడ కాదు, కిందికి తీసుకువెళ్ళి తినండి, అంతే కదా. 2025 ఏప్రిల్ 10న వచ్చిన ఏడో సీజన్‌లో యంత్రాలే మళ్ళీ ముందుకొచ్చాయి. మొదటి పక్షం గెలిచిందని కొందరు సంతోషించారు. సంతోషించనివ్వండి. యంత్రాల కథలు కూడా కావాల్సినవే. కాని యంత్రం వచ్చాక ఏమవుతుందో చెప్పే కథలు వంద ఉన్నాయి. యంత్రం ఎవరి మీదికి వస్తుందో చెప్పిన కథలు చాలా తక్కువ.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాసిన దగ్గర్నుంచి తెలుగులో మా కోపాన్ని కవిత్వం చేసుకున్నాం. మా పేదరికాన్ని, మా ఆడవాళ్ళ గోడును కథలు చేసుకున్నాం. భయాన్ని మాత్రం ఇంకా చెయ్యలేదు. చెబితే పిరికివాళ్ళమంటారని కొంత, చెబితే నిజమైపోతుందని కొంత. దయ్యం కథ తేలికరకం సాహిత్యం, ఉద్యమానికి పనికిరాదు అన్న చిన్నచూపు కూడా మాలో ఉంది. ఆ చిన్నచూపు వదులుకోవాలి. మెజారిటీ పాఠకుడు మా ఉపన్యాసం వినకపోవచ్చు. రాత్రిపూట తలుపు గడియ వేసుకుని దయ్యం కథ చదువుతాడు.

ఆ కథకు పాడుబడ్డ బంగళా అక్కర్లేదు, శ్మశానం అక్కర్లేదు. పటమటలోనో పెనమలూరులోనో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంటు చాలు. గేటుకు టు లెట్ బోర్డు వేలాడుతుంటుంది. మధ్యాహ్నం ఎండలో ఒక మొగుడూ పెళ్ళామూ, చేతిలో పిల్లాడూ గేటు దగ్గర నిలబడతారు. వాచ్‌మన్ పేరడుగుతాడు. భర్త చెప్పబోయేముందు భార్య అతని చెయ్యి నొక్కుతుంది. ఆ నొక్కటాన్ని ఉన్నదున్నట్టు రాస్తే చాలు. దయ్యాన్ని మేం తీసుకురానక్కర్లేదు.